ఏ దేశం స్లాట్ దొరికితే ఆ దేశం వీసానా?

సంపాదకుల వారికి నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడేకొద్దీ యూరప్ యాత్రల ప్రకటనలు పత్రికల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ జోరందుకుంటాయి. వాటితోపాటే, వీసా దరఖాస్తుకు అపాయింట్‌మెంట్, అంటే స్లాట్, దొరకనివాళ్లకు ఒక సలహా కూడా ఊరంతా తిరుగుతోంది. "ఫ్రాన్స్‌కి స్లాట్లు లేవండీ, వేరే దేశానికి పెట్టేద్దాం. ఏ దేశం వీసా అయితే ఏముంది, షెంజెన్ అంతా తిరగొచ్చు కదా!" ఈ మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని నమ్మి మిగతా సగంలో చిక్కుకుంటున్న కుటుంబాల కోసమే ఈ ఉత్తరం.

షెంజెన్ అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల ప్రాంతం. దాని పరిధిలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. 2025 జనవరి 1 నుంచి బల్గేరియా, రొమేనియా కూడా పూర్తిగా చేరాయి. స్విట్జర్లాండ్, నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంజెన్‌లో ఉన్నాయి. బ్రిటన్, ఐర్లండ్, సైప్రస్ లేవు. ఒక్క వీసాతో ఈ 29 దేశాల్లో తిరగవచ్చన్న మాట నిజమే. అయితే ఆ ఒక్క వీసా ఎవరిని అడగాలన్నది మాత్రం మన ఇష్టానికి వదిలిన విషయం కాదు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటామో, లేదా ప్రయాణానికి అసలు కారణం ఏ దేశంలో ఉందో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. రెండు దేశాల్లో సమానంగా ఉంటే, షెంజెన్ సరిహద్దులో మొదట ఏ దేశంలో అడుగుపెడతామో ఆ దేశానికి పెట్టాలి. లెక్క రోజుల్లో వేస్తారు.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ యాత్రనే తీసుకోండి. పారిస్‌లో 5 రోజులు, స్విట్జర్లాండ్‌లో 4, రోమ్‌లో 3 అయితే దరఖాస్తు ఫ్రాన్స్‌కు వెళ్లాలి. పారిస్‌లో 4, స్విట్జర్లాండ్‌లో 4, రోమ్‌లో 3 ఉండి, దోహా మీదుగా జ్యూరిక్‌లో దిగుతుంటే స్విట్జర్లాండ్‌కు వెళ్లాలి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి, అక్కడ విమానం మారి రోమ్ చేరి, సెలవంతా ఇటలీలోనే గడిపితే ఇటలీకే పెట్టాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్‌పోర్టు తనిఖీ జరిగినంత మాత్రాన జర్మనీ వీసా అక్కర్లేదు. కాకపోతే ఆ తనిఖీ వరుసకు సమయం పడుతుంది కాబట్టి అక్కడ గంట వ్యవధిలో ఉన్న కనెక్షన్ టికెట్ తీసుకోకండి.

స్లాట్ కోసం దేశాన్ని మార్చేవాళ్లు చేసే పని ఒకటే. స్లాట్ దొరికిన దేశంలో వారం రోజులకు హోటల్ బుక్ చేసి, వీసా చేతికి రాగానే రద్దు చేస్తారు. ఇది మోసమని చాలామందికి తట్టదు, ఎందుకంటే ఏజెంటు దాన్ని 'ఫార్మాలిటీ' అంటాడు. ఆ హోటల్‌కు కాన్సులేట్ వాళ్లు ఫోన్ చేయవచ్చు. సరిహద్దు అధికారి హోటల్ బుకింగు, తిరుగు టికెట్టు చూపించమనవచ్చు. పాస్‌పోర్టులో అంటించిన వీసా స్టిక్కర్ మీద ఒక దేశం పేరుండి, చేతిలోని బుకింగులన్నీ ఇంకో దేశానివై, ఎందుకు మారిందో చెప్పలేకపోతే, తప్పుడు సమాచారంతో వీసా పొందారని తేల్చి అక్కడికక్కడే రద్దు చేసే అధికారం వాళ్లకుంది. తిరుగు విమానం ఎక్కిస్తారు. వీసా వచ్చాక కార్యక్రమం నిజంగా మారడం వేరు సంగతి. అలాంటప్పుడు మారిన బుకింగులు, కారణం చూపించే కాగితం వెంట ఉంచుకుంటే సరిపోతుంది.

స్లాట్ల కొరత నిజమే, కాదనను. దానికి మందు మాత్రం ముందే ఉంది. ప్రయాణ తేదీకి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. మే 10న బయలుదేరేవాళ్లు నవంబర్ 10 నుంచే ప్రయత్నించవచ్చు. పిల్లల పరీక్షల తేదీలు తెలిశాక చూద్దామని మార్చి దాకా ఆగితే అందరూ ఒకేసారి ఎగబడతారు. కనీసం 15 రోజుల ముందైనా దరఖాస్తు చేరాలి. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు పడుతుంది, అవసరమైతే 45 రోజుల దాకా పొడిగించే వీలు వాళ్లకుంది. కాబట్టి రెండు నెలలైనా చేతిలో ఉంచుకోండి. ఇంకొకటి, హైదరాబాద్‌లో మన కాగితాలు తీసుకునే వీసా కేంద్రం నిర్ణయం తీసుకోదు. కాగితాలు, వేలిముద్రలు తీసుకుని కాన్సులేట్‌కు పంపడమే దాని పని. "సెంటర్లో మనవాళ్లున్నారు" అనే ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వారికి లేదు. కేంద్రం సేవా రుసుము అదనం. తిరస్కరించినా ఇవేవీ వెనక్కి రావు. పది వేళ్ల ముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలల వరకు మళ్లీ వాడుకుంటారు. 12 ఏళ్లలోపు పిల్లలకు ముద్రలు ఉండవు. పాస్‌పోర్టు షెంజెన్ నుంచి బయటకు వచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఫోటో 35×45 మిల్లీమీటర్లు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, మొత్తం షెంజెన్ ప్రాంతానికి, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. అత్యవసర వైద్యంతోపాటు స్వదేశానికి తరలించే ఖర్చు కూడా అందులో ఉండాలి. బీమా తేదీ ఒక్కరోజు తక్కువైనా కాగితాలు వెనక్కి వస్తాయి. రాత్రి బయలుదేరి మర్నాడు దిగే విమానాల దగ్గర ఈ పొరపాటు మరీ ఎక్కువ.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేర్లతో. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా, పూర్తిగా ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ఇనీషియల్ మాత్రమే ఉంటుంది. పాన్ కార్డులో ఇంకోలా ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరినా పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉండిపోతుంది. మనకు ఆ పేర్లన్నీ ఒక్క మనిషివే, కాగితాలు చూసే అధికారికి మాత్రం ముగ్గురు. విమానం టికెట్టు, హోటల్, బీమా మూడూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే తీసుకోండి. బ్యాంకు కాగితాల్లో తేడా ఉంటే, ఈ రెండు పేర్లూ ఒకరివేనని బ్యాంకు నుంచి ఉత్తరం తెచ్చుకోవడం మేలు. పెళ్లి ధ్రువపత్రమో, పట్టాదారు పాసుపుస్తకమో తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి.

డబ్బు చూపించడంలోనూ ఒక దురభిప్రాయం ఉంది. ఖాతాలో పెద్ద మొత్తం కనిపిస్తే చాలనుకుని, దరఖాస్తుకు వారం ముందు బావగారి దగ్గరో మేనమామ దగ్గరో 5 లక్షలు వేయించుకుంటారు. దేశాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు. నెలకు 40 వేలు వచ్చే ఖాతాలో ఒక్కరోజే 5 లక్షలు పడితే వాళ్ల కళ్లు అక్కడే ఆగుతాయి. అది చిట్టీ పాడగా వచ్చిందైతే చిట్టీ కాగితం పెట్టండి, స్థలం అమ్మగా వచ్చిందైతే దస్తావేజు నకలు పెట్టండి. మూలం తెలియని 5 లక్షల కన్నా నెలనెలా పడే జీతం, దానికి సరిపోలే ఐటీ రిటర్నులు, ప్రయాణ తేదీలతో సంస్థ ఇచ్చిన సెలవు పత్రం బలంగా నిలబడతాయి. వ్యాపారులకు జీఎస్టీ నమోదు, రిటర్నులు ఆ పని చేస్తాయి. పింఛనుదారులకు పింఛను పత్రాలు, రైతులకు భూమి కాగితాలతోపాటు పంట డబ్బు ఖాతాలో పడిన వివరం. ఇవి ఆస్తి ఎంతుందో చెప్పడానికి మాత్రమే కాదు, తిరిగి వచ్చి చేయాల్సిన పని ఇక్కడ ఉందని చూపడానికి.

అక్కడ ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో తల్లిదండ్రులను పిలిపించుకునేటప్పుడు మామూలు ఆహ్వాన లేఖ అన్నిచోట్లా చాలదు. జర్మనీలో ఖర్చులు భరిస్తామని పిల్లలు హామీ ఇవ్వాలంటే అక్కడి విదేశీయుల కార్యాలయంలో అధికారిక పూచీపత్రం తీసుకోవాలి. ఫ్రాన్స్‌లో తమ ఇంట్లో ఉంచుకునేవారు స్థానిక పురపాలక కార్యాలయం నుంచి ఆతిథ్య ధ్రువపత్రం తేవాలి. వీటికి అక్కడ కూడా అపాయింట్‌మెంట్లు కావాలి. ఆ అసలు కాగితం పోస్టులో ఇక్కడికి చేరడానికి పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోవాలి.

వీసా వచ్చాక స్టిక్కర్ చదవడం నేర్చుకోవాలి. ఈ విషయంలో చదువుకున్నవాళ్లు కూడా తప్పుతున్నారు. దాని మీద ఉన్న మొదటి, చివరి తేదీల మధ్య గడువు ఒకటి, ఉండగలిగే రోజుల సంఖ్య మరొకటి. 10 రోజుల యాత్రకు తరచుగా 25 రోజుల గడువు ఇస్తారు, ప్రయాణం అటూ ఇటూ జరిగితే సర్దుకోవడానికి. అంటే 25 రోజులు ఉండొచ్చని కాదు, ఆ గడువులో ఏవైనా 10 రోజులు. ప్రవేశాల దగ్గర 01 అని ఉంటే ఒక్కసారే. పారిస్ చూసి, రైల్లో లండన్ వెళ్లి, మళ్లీ రోమ్‌కు రావాలనుకున్నవాళ్లు లండన్‌లోనే ఆగిపోతారు. బ్రిటన్‌కు వేరే వీసా ఉన్నా, షెంజెన్‌లోకి అది రెండో ప్రవేశం అవుతుంది.

ఎక్కువసార్లు వెళ్లే వీలున్న వీసా వచ్చినవారికి 90/180 లెక్క ఉంది. ఏ రోజు నిలబడి చూసినా, వెనక్కి 180 రోజుల్లో 90కి మించి ఉండకూడదు. దిగిన రోజు, బయలుదేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మార్చి 1న దిగి మే 29న బయటకు వస్తే సరిగ్గా 90 రోజులు. ఒక్కరోజు లండన్ వెళ్లొస్తే లెక్క మళ్లీ మొదలవుతుందనేది అపోహ. అలా మే 29 నాటికి 90 రోజులు వాడేసినవాళ్లు ఆగస్టు 28కి ముందు తిరిగి అడుగుపెట్టలేరు. మనవడో మనవరాలో పుట్టినప్పుడు సాయానికి వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు ఈ లెక్క తప్పుతున్నారు, వాళ్లకు ఎవరూ చెప్పకపోవడం వల్ల. పాస్‌పోర్టు మీద రాకపోకల ముద్ర సరిగా కనపడలేదని తప్పించుకునే రోజులు కూడా పోయాయి. 2025 అక్టోబర్ 12 నుంచి దశలవారీగా వచ్చిన ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్‌లో రాకపోకలు కంప్యూటర్‌లో నమోదవుతాయి, ముఖం ఫోటో తీస్తారు, రోజుల లెక్క యంత్రమే వేస్తుంది.

సామాను గురించి ఒక్క మాట. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి వ్యక్తులు మాంసం, పాల ఉత్పత్తులు తీసుకెళ్లకూడదు. పిల్లలకు ప్రేమగా మోసుకెళ్లే నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి ఆ కిందికే వస్తాయి. ధ్రువపత్రం లేకుండా మామిడిపళ్లు, కరివేపాకు కూడా కుదరవు.

తిరస్కరణ వస్తే కారణం ముద్రించిన ఫారం ఇస్తారు. పర్యటన ఉద్దేశం రుజువు కాలేదనా, ఆదాయం చాలలేదనా, ఇచ్చిన సమాచారం నమ్మదగ్గది కాదనా, తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదనా, ఏ గడిలో టిక్కు పడిందో చూసి దానికే జవాబు చెప్పాలి. అవే కాగితాలతో వారం తర్వాత ఇంకో దేశానికి పరుగెత్తితే పని జరగదు, ఎందుకంటే తిరస్కరణ 5 ఏళ్ల పాటు అన్ని షెంజెన్ కాన్సులేట్ల తెరల మీద కనపడుతుంది. తిరస్కరణపై అప్పీలుకు హక్కుంది, గడువు ఆ ఫారంలోనే ఉంటుంది.

నిజాయతీగా వెళ్లొచ్చినవాళ్లకు ఇప్పుడు మంచి దారి కూడా ఉంది. 2024 ఏప్రిల్ 18న యూరోపియన్ కమిషన్ భారతీయుల కోసం కొత్త నియమాలు తెచ్చింది. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవారికి రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువు ఉంటే ఐదేళ్లది ఇవ్వవచ్చు. స్లాట్ కోసం దొంగ బుకింగు పెట్టినవాళ్లు పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే.

మీ పత్రికకు ఒక విన్నపం. యూరప్ ప్యాకేజీల ప్రకటనలు తీసుకునేటప్పుడు, ఏ దేశ కాన్సులేట్‌లో దరఖాస్తు వేస్తారో, ఆ దేశంలో ఎన్ని రోజులు ఉంచుతారో ప్రకటనలోనే రాయమని నిర్వాహకులను అడగండి. ఆ రెండు వివరాలు పక్కపక్కన ఉంటే, డబ్బు కట్టకముందే పాఠకులు తామే సరిచూసుకోగలుగుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ