లగ్గం కోటు నలుగురికీ వినబడేలా చదివించండి

సంపాదకులకు,

శ్రావణం వచ్చిందంటే హన్మకొండ, కాజీపేట, జనగామ వైపు ఫంక్షన్ హాళ్లలో నిశ్చితార్థాలే నిశ్చితార్థాలు. స్టేజీకీ, పూలకూ, ఫొటోలకూ ఎంతైనా పెడుతున్నారు. కానీ ఆ పూట అసలు పని వేరే ఉంది. మన పల్లెల్లో లగ్గం కోటు అనే లగ్నపత్రికను రాయించి, నలుగురి ముందు చదివించి, తాంబూలాలతో మార్చుకోవాలి. కేకు కోసే తొందరలో అయ్యగారిని రెండు నిమిషాల్లో ముగించమంటున్నారు. తర్వాత వచ్చే పంచాయితీలు చాలావరకు అక్కడే మొదలవుతున్నాయి.

ఎక్కువ పొరపాట్లు రాత్రి లగ్గాలతోనే. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, సెల్‌ఫోన్‌లో తేదీ అర్ధరాత్రికే మారుతుంది. గురువారం రాత్రి 1.20కి ముహూర్తం అంటే క్యాలెండర్‌లో అప్పటికే శుక్రవారం. ఒకరు గురువారం రాత్రికి హాలు మాట్లాడుకుంటే, ఇంకొకరు శుక్రవారం రాత్రికి బస్సు మాట్లాడుకుంటారు. అందుకే పెద్దలు ‘గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం’ అని రాయించేవారు. ఆ మాట వదలొద్దు. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, నక్షత్రం, లగ్నం (ఆ వేళకు తూర్పున ఉదయించే రాశి) రాసి, పక్కనే ఇంగ్లిషు తేదీ, గంట, నిమిషం, లగ్గం జరిగే ఊరు కూడా రాయాలి. ఊరు ఎందుకంటే, రేఖాంశం ఒక డిగ్రీ మారితే లగ్నం సుమారు 4 నిమిషాలు జరుగుతుంది. హైదరాబాద్‌కూ వరంగల్‌కూ తేడా దాదాపు అంతే. లగ్నం చివరి నిమిషాల్లో ముహూర్తం పెట్టినప్పుడు ఆ నాలుగు నిమిషాలే కీలకం.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. సంకల్పంలో రెండు వైపులా ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరుసగా, గోత్రంతో చెప్పాలి. పీటల మీద కూర్చున్నాక ముత్తాత పేరు కోసం ఊరికి ఫోన్లు చేస్తుంటే అంతా ఆగిపోతుంది. ముందురోజే ఒక కాగితం మీద రాసి అయ్యగారికి ఇవ్వండి. పిల్ల పేరు, పిల్లగాడి పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి, పుట్టిన తేదీలు కూడా అప్పుడే చూడండి. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం పిల్లకు 18, పిల్లగాడికి 21 ఏళ్లు నిండాలి. ప్రభుత్వం ఇచ్చే 1,00,116 రూపాయల కల్యాణలక్ష్మి సాయానికీ పిల్లకు 18 నిండి ఉండాల్సిందే.

ఇక పళ్లెం సంగతి. పత్రిక నాలుగు మూలలకు పసుపు రాసి, పసుపు దారంతో చుట్టి పళ్లెంలో పెడతారు. దాని చుట్టూ తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు, ఎండు ఖర్జూరాలు, కుంకుమ, పండ్లు, కుడుకలు ఉంటాయి. ఇంటింటికీ ఆనవాయితీ మారుతుంది, దాని మీద వాదం వద్దు. ఆకులు మాత్రం తొడిమతో, చిరగకుండా ఉండాలి. పొద్దున తెచ్చి ఫ్యాను కింద పెడితే సాయంత్రానికి వాడిపోతాయి, తడిగుడ్డలో చుట్టి పెట్టండి. కుడుకలు లోపల నల్లబడ్డాయేమో, ముక్కిన వాసన వస్తుందేమో కొనేటప్పుడే చూసుకోవచ్చు. ఉంగరాల కొలత వేలి మొదట్లో కాదు, కణుపు దగ్గర తీయించండి. లేకుంటే అందరి ముందూ వేలికి ఎక్కదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు మాటముచ్చటలో అనుకున్న కట్నాన్ని కాగితం మీద పెట్టడం. 1961 వరకట్న నిషేధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పందం చెల్లదు. కట్నం ఇవ్వడమూ, తీసుకోవడమూ, అడగడమూ నేరమే. రాయవలసిన కాగితం ఇంకొకటి ఉంది, దాన్నెవరూ రాయడం లేదు. అదే చట్టం కింద వచ్చిన 1985 నియమాల ప్రకారం పెండ్లిలో పెట్టే కానుకల జాబితా రాయాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం రాసి, పిల్లా పిల్లగాడూ సంతకం చేయాలి. నిశ్చితార్థంలో పెట్టిన నగలు, చీరలు కూడా ఆ పూటే అలా రాసుకుంటే, సంబంధం తప్పినా ఎవరివి వారికి తిరిగి ఇవ్వడం తేలిక. సంబంధం తప్పడం పిల్లకు మచ్చ కానేకాదు. 1955 హిందూ వివాహ చట్టంలో సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతోనే పెండ్లి పూర్తవుతుంది, తాంబూలంతో కాదు. ఇష్టం లేదని పిల్ల చెబితే ఆ మాట వినే ధైర్యం పెద్దలకు ఉండాలి.

పురోహితులకు ఒక విన్నపం. పత్రిక సంస్కృతంలో చదివాక తెలుగులో మళ్లీ ఒకసారి, మైకులో పాట ఆపించి, నింపాదిగా చదవండి. తేదీ, వారం, గంట దగ్గర ఆగి రెండు వైపులా తండ్రులను ‘సమ్మతమేనా’ అని అడగండి. వాళ్లు నోరు విప్పి అవునన్నాకే పళ్లెం చేతులు మారాలి.

– కొందరు లగ్గం పెద్దలు, హన్మకొండ