2025–26 వార్షిక నివేదిక: ఇళ్ళ మధ్య బాణసంచా విషయంలో సంఘం చేసిన పని

గౌరవనీయులైన కాలనీ సభ్యులకు నమస్కారం.

పార్కు కంచె, వీధి దీపాలు, చెత్త బండి వేళలు మొదలైన వాటి గురించి నెలవారీ సమావేశాల్లో ఎప్పటికప్పుడు చెప్పుకుంటూనే ఉన్నాం గనుక వాటిని మళ్ళీ ఏకరువు పెట్టడం లేదు. గత సర్వసభ్య సమావేశంలో అన్నిటికంటే ఎక్కువసేపు వాదన జరిగింది ఇళ్ళ మధ్య టపాసులు కాల్చడం మీదే కాబట్టి, ఆ రోజు మీరు కార్యవర్గానికి అప్పగించిన పని ఎంతవరకు నెరవేరిందో వివరించడానికే ఈ నివేదికలో ఎక్కువ భాగం కేటాయించాను.

టపాసులే వద్దని తీర్మానించాలని కొందరు, పండగపూట ఆంక్షలేమిటని మరికొందరు పట్టుబట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రెండు వాదనల మధ్యా దారి చూపుతుందని కార్యవర్గం భావించింది. దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని, సరాలుగా అల్లిన టపాసులు, బేరియం లవణాలు వాడిన సరుకు పనికిరావని, వీలైనచోట అందరూ ఒకే స్థలంలో కాల్చుకునే ఏర్పాటు చేయాలని అందులో ఉంది. మన వీధుల్లో పదివేల వాలా పరిచి వత్తి ముట్టించడం మర్యాదకు సంబంధించిన విషయంగా మాత్రమే కాక, చట్టానికి సంబంధించిన విషయంగా కూడా చూడాలని కరపత్రంలో రాసింది అందుకే. ఆ కరపత్రాన్ని గడపగడపకూ చేర్చిన మహిళా విభాగానికి కృతజ్ఞతలు. ఢిల్లీలోనే అనుమతులిచ్చారు కదా, మనకెందుకీ గోల అని అడిగిన సభ్యులకు ఒక మాట: ఈసారి దీపావళికి ముందు ఢిల్లీకి ఇచ్చిన సడలింపు కూడా కాలుష్యం కాస్త తక్కువగా ఉండే గ్రీన్ టపాసులకే, అదీ కొన్ని గంటలకే పరిమితం.

ప్రమాదాల సంగతి మన ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2022 దీపావళికి ముందురోజు మన విజయవాడ జింఖానా మైదానంలోని టపాసుల దుకాణాలు తగలబడి ఇద్దరు చనిపోయారు. 2024 దీపావళి నాడు ఏలూరులో ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తున్న బండి గుంతలో పడి, అవి పేలి ఒకరు మరణించారు. ఈ ఏడాది పండగకు పన్నెండు రోజుల ముందు కోనసీమ జిల్లా రాయవరంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి పలువురు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

ఇక ఈ ఏడాది మన సంఘం సగర్వంగా చెప్పుకోదగిన కార్యక్రమం అక్టోబరు 20, సోమవారం రాత్రి జరిగిన ఉమ్మడి దీపావళి. నాలుగో వీధి చివర ఉన్న తమ ఖాళీ స్థలాన్ని అద్దె లేకుండా ఇచ్చి, పిచ్చిమొక్కలు కొట్టించే ఖర్చు కూడా తామే భరించిన యజమాని దంపతులకు సంఘం ఎంతో రుణపడి ఉంది. స్థలాన్ని ముగ్గు గీతలతో మూడు భాగాలు చేసి, గేటు దగ్గర చిన్నపిల్లల కాకరపువ్వొత్తులకు, మధ్యలో చిచ్చుబుడ్లు, భూచక్రాలకు, గోడకు దూరంగా అవతలి మూల తారాజువ్వలకు చోటు కేటాయించాం. కాలిన కాకరపువ్వొత్తి తీగ ఎర్రదనం పోయాక కూడా చాలాసేపు వేడిగానే ఉంటుంది, చీకట్లో పిల్లలు దాన్నే తొక్కుతారు. అందువల్ల ప్రతి తీగనూ నీళ్ళ బకెట్లో వేయించే బాధ్యతను ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయినులు తీసుకుని, ఒక్క పిల్లవాణ్ణీ వదలకుండా నిర్వహించారు. సంధ్యవేళ పెద్దలు గోగు కాడలకు నూనె గుడ్డలు చుట్టి పిల్లలచేత ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి’ అనిపిస్తూ దివిటీలు కొట్టించడం చూసి, అపార్ట్‌మెంట్లలో పుట్టి పెరిగిన పిల్లలు రెండోసారి, మూడోసారి వరుసలో నిలబడ్డారు. సరిగ్గా పది గంటలకు ఆపించగలిగాం. మొదటి వీధిలో మంచం పట్టిన పెద్దాయన ఆ రాత్రి నిద్రపోయారని వారి కోడలుగారు మర్నాడు ఫోన్ చేసి చెప్పడం కార్యవర్గానికి దక్కిన మంచి మెప్పు.

అయితే జరగనిది కూడా చెప్పాలి. ఒక గంటపాటు ఫైరింజన్ నిలపమని సంబంధిత కార్యాలయానికి రాసిన లేఖకు రసీదు వచ్చింది, బండి రాలేదు. రెండో వీధిలో పదకొండు దాటాక కూడా సరాలు పేలుతున్నాయని ఫోన్ చేస్తే, ‘పండగ కదండీ, సర్దుకోండి’ అన్న జవాబే దొరికింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దాలపై ఉన్న నిషేధాన్ని అమలు చేయవలసినవారే సర్దుకోమంటే, ఇరుగుపొరుగుతో మాటపడవలసిన భారం సంఘం మీద పడుతోంది. స్వచ్ఛంద సేవకుల విషయానికొస్తే, వాట్సాప్ గ్రూపులో ‘నేనున్నాను’ అని బొటనవేలు చూపించినవారందరూ వచ్చి ఉంటే ఆ స్థలం చాలేది కాదు. మర్నాడు ఉదయం కాలువల్లోంచి ఎర్ర కాగితాల ముక్కలు ఎత్తిపోయడానికి, పేలని టపాసులు పిల్లలు ఏరుకోకముందే నీళ్ళలో ముంచడానికి చీపురు పట్టినవారు కోశాధికారి, వాచ్‌మన్ కుటుంబం, నేను, మరో ఇద్దరు మాత్రమే.

నవంబరు 2 అర్ధరాత్రి వేళ మన అమ్మాయిలు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు దాచుకున్న బాంబులన్నీ బయటికి వచ్చాయి. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉందన్న సంతోషం నాకూ ఉంది గనుక ఆ రాత్రికి ఎవరినీ ఏమీ అనలేదు గాని, అదే అలవాటు జనవరి 1 దాకా సాగడం బాగులేదు. కొత్త సంవత్సరానికి సుప్రీంకోర్టు ఇచ్చిన వెసులుబాటు రాత్రి 11.55 నుంచి 12.30 వరకే.

జమాఖర్చుల పట్టికను ఆడిటరుగారు పరిశీలించి సంతకం చేశారు, ప్రతులు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఉమ్మడి దీపావళి ఖర్చు విరాళాలతోనే సరిపోయింది, చందా నిధిని ముట్టుకోలేదు.

వచ్చే దీపావళికి పెట్టె మీద నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) గుర్తు, క్యూఆర్ కోడ్ ఉన్న గ్రీన్ టపాసులనే అందరికీ కలిపి ఒకేసారి కొనాలని, వీధికి ఇద్దరు చొప్పున బాధ్యుల పేర్లను ఈ సమావేశంలోనే రాసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. పేరు ఇచ్చేవారు దయచేసి పండగ మర్నాటి ఉదయానికి కూడా కలిపి ఇవ్వవలసిందిగా మనవి. ఆ రాత్రి సంఘం సమకూర్చిన ఇసుక బకెట్లలో కొన్ని ఇంకా తిరిగి రాలేదు, తీసుకెళ్ళినవారు వాచ్‌మన్‌కు అప్పగించగలరు.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం, విజయవాడ