"అలా కాదు మేడమ్" అన్నవారందరికీ

అనంతపురంలో మా శాంతి విద్య వేసవి బడి ముగిసి పది రోజులైంది. కొట్లాటలు ఎందుకు వస్తాయో, వాటిని దాటి కలిసి బతకడం ఎలాగో నేర్చుకునే చదువు అది. లెక్కలు చూసుకుని, హాలు తాళాలు అప్పగించి, ఇప్పుడు తీరికగా కూర్చున్నాను. ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పాలో కాగితం మీద రాసుకుంటుంటే నవ్వొచ్చింది. అందులో ఉన్నవారిలో ఎక్కువమంది ఏదో ఒక రోజు నన్ను ఆపి "అలా కాదు మేడమ్" అన్నవారే.

నేను ఈ ఊరికి వచ్చి రెండేళ్ళే అయింది. పుట్టిందీ పెరిగిందీ శ్రీకాకుళం వైపు. ఇక్కడి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇంతకు ముందు నా చేతుల మీదుగా జరిగిన పెద్ద పని ఏదైనా ఉందంటే అది మా తమ్ముడి పెళ్ళిలో తాంబూలాలు పంచడం. అలాంటిదాన్ని ఐదు దేశాల వారిని పిలిచి కూర్చోబెట్టాను. 1982లో అమెరికాలో బెట్టీ రియర్డన్ అనే అధ్యాపకురాలు కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో శాంతి విద్య కోసం ఒక అంతర్జాతీయ శిక్షణ మొదలుపెట్టారు. ఆ తరువాత అది దేశదేశాలు తిరిగింది. దాని గురించి చదివినప్పటి నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

వేసవి బడి కదా అని మొదట మే నెల తేదీలు ప్రకటించాను. మా వీధి మొదట్లో టీ అంగడి నడిపే అన్న కరపత్రం చదివి, "మే నెలలో మేమే బయటికి రాము, జర్మనీ వాళ్ళను పిలిచి ఏం చేద్దామని?" అని అడిగారు. ఐరోపాలో బడులకు వేసవి సెలవులు జూలై, ఆగస్టుల్లో వస్తాయని నాకు తెలియక కాదు, ఆ పూట తోచలేదంతే. తేదీలు జూలైకి మారాయి. ఆ అన్నకు మొదటి నమస్కారం.

పర్యాటక వీసా మీద వచ్చేయమని అందరికీ ఉత్తరాలు కూడా రాసేశాను. సంగతి తెలిసి, కలెక్టరేట్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుంటూ మా ఇంటికే వచ్చారు. ఇలాంటి వాటికి సదస్సు వీసా కావాలి, దానికి మన ఆహ్వానపత్రం, విదేశాంగ శాఖ అనుమతి ఉండాలి అని ఓపికగా చెప్పి, దరఖాస్తులన్నీ దగ్గరుండి నింపించారు. నేపాల్ నుంచి వచ్చిన ఇద్దరికి వీసా అక్కరలేదు కాబట్టి వారి విషయంలో బతికిపోయాను. ఒక అతిథి ముందే కొంత విరాళం పంపుతానంటే సంబరపడిపోయిన నన్ను, ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద నమోదో, ముందస్తు అనుమతో లేకుండా ఆ డబ్బు ముట్టుకోకూడదని ఆపింది మా ఆడిటర్ అన్న. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు వారి వివరాలు ప్రభుత్వానికి పంపాలన్న సంగతి వసతి ఇచ్చిన లాడ్జి యజమాని చెప్పేదాకా నేను విననే లేదు. అర్ధరాత్రి రైలు దిగినవారి పాస్‌పోర్టు వివరాలు తెల్లవారేలోపు ఆయనే ఎక్కించారు.

వంట సంగతి చెప్పకపోతే మా వంటమ్మ ఊరుకోరు. అతిథుల కోసం పాస్తా చేద్దామన్నాను. "అది తినడానికి ఇంత దూరం రావాలా?" అన్నారామె. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం రాగి సంగటి. కారం తగ్గించమంటే మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక అనువాదం. పాఠాల్లో నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1960ల్లో చెప్పిన రెండు రకాల శాంతి ఉంది. కొట్లాట ఆగడం ఒకటి, కొట్లాటకు కారణమైన అన్యాయం కూడా పోవడం రెండోది. ఆయన నెగటివ్, పాజిటివ్ అన్న వాటిని లెక్కల పుస్తకాల్లో ఉన్నట్టే నేను ఋణాత్మక శాంతి, ధనాత్మక శాంతి అని తెలుగు చేసి బోర్డు మీద రాశాను. నార్పల వైపు నుంచి వచ్చిన ఒక వేరుశనగ రైతు చెయ్యెత్తి, "అంటే మొదటిది అప్పులున్నవాళ్ళ శాంతి, రెండోది డబ్బున్నవాళ్ళ శాంతా అమ్మా?" అని అడిగారు. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం మా తెలుగు మాస్టారు, ఆ రైతు కలిసి మాటలు మార్చారు: "ఆగిన కొట్లాట", "కుదురుకున్న శాంతి". విద్యార్థుల్లోనూ ఇలాంటివారే ఉన్నారు. యుద్ధాలు మనుషుల మనసుల్లోనే మొదలవుతాయి కాబట్టి శాంతికి రక్షణ కూడా అక్కడే కట్టాలని 1945 నాటి యునెస్కో నిబంధనావళి అంటుంది. ఒక అమ్మాయి ఆ "రక్షణ" కొట్టేసి "బురుజులు" అని రాసింది. ఊళ్ళో బురుజు చూసి పెరిగిన పిల్ల కదా, నాకు తట్టని మాట ఆమెకు తట్టింది.

అందరికంటే ఎక్కువ రుణపడింది ఒకరికి. పేరు రాయవద్దన్నారు, రాయను.

సీమ కక్షల గురించి నాకు తెలిసిందల్లా సినిమాల్లో చూసిందే. ఆ తెలివితోనే మూడో రోజుకు ఒక నాటిక సిద్ధం చేశాను. విద్యార్థులు రెండు వర్గాలు, అతిథులు మధ్యవర్తులు. వంటకు సరుకులు తెచ్చిన పొదుపు సంఘం అక్క ఒకరు తలుపు దగ్గర నిలబడి రిహార్సల్ అంతా చూశారు. చివర్లో, "మేడమ్, ఇందులో చచ్చిపోయినవాడి భార్య ఎక్కడ?" అని అడిగారు. నాయకులున్నారు, అనుచరులున్నారు, పెద్దమనుషులున్నారు. భార్య పాత్ర లేదు. ఆమె భర్త కక్షల్లో హత్యకు గురై ముప్పై ఏళ్ళు దాటిందని నాకు తరువాత తెలిసింది.

నాటిక మానేశాం. ఆ గంట ఆమెకిచ్చాం. కుర్చీ వద్దని చాప మీద కూర్చుని మాట్లాడారు. ఏడేళ్ళ కొడుకు చెవిన పగ మాట పడకూడదని దూరపు చుట్టాలింట్లో పెట్టి చదివించారట. ఊళ్ళో పెద్దలు రాజీ చేసినప్పుడు ఆమెను ఎవరూ పిలవలేదు. "సంతకాలు మగవాళ్ళు పెట్టారు. మర్నాటి నుంచి పిండి మిల్లు దగ్గర ఎదురుపడాల్సింది మేము," అన్నారు. అవతలి వర్గం ఇంటావిడతో ఏళ్ళ తరబడి మాటల్లేవు. తరువాత పొదుపు సంఘం పెట్టాల్సి వచ్చింది. పది మంది కావాలి, వీధిలో తొమ్మిది మందే తేలారు. పదో మనిషి ఆ ఇంటావిడ. "శాంతి కోసం కాదు మేడమ్, లోను కోసం," అని ఆమే నవ్వారు. కెన్యా నుంచి వచ్చిన టీచర్ ఆ పదో ఆవిడ ఇప్పుడెలా ఉన్నారని అడిగారు. "పోయిన నెల నా దగ్గర జొన్నలు చేబదులు తీసుకుంది. ఇంకా ఇవ్వలేదు."

నేను నెలల తరబడి తయారు చేసిన పాఠాల్లో ఏ ఒక్కదాన్నీ అతిథులు ఇన్నిసార్లు తలుచుకోలేదు. కొంచెం ఈర్ష్యగానే ఉంది.

చివరి రోజు గూగూడు వెళ్ళాం. మొహర్రంలో హిందువులూ ముస్లిములూ కలిసి పీర్ల పండుగ చేసుకునే కుళ్ళాయిస్వామి ఊరు అది. శ్రీలంక నుంచి వచ్చిన ఉపాధ్యాయిని ఇది ఏ మతం వారి గుడి అని మూడుసార్లు అడిగారు. మా బస్సు డ్రైవర్ అన్న మూడుసార్లూ "కుళ్ళాయిస్వామిది" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకూ నమస్కారం.

ఎవరినైనా మరిచిపోయి ఉంటే మన్నించి, ఎదురుపడినప్పుడు తిట్టండి. మరో మాట. అరువు తెచ్చిన సామాన్లలో మూడు స్టీలు గిన్నెలు, ఒక పెద్ద గరిటె మా ఇంట్లో ఉండిపోయాయి. గిన్నెల అడుగున "ల" అని చెక్కి ఉంది. మా వీధిలోనే లక్ష్మమ్మలు నలుగురున్నారు. ఎవరివో చెబితే నేనే తెచ్చిస్తాను. ఖాళీగా ఇవ్వకూడదు కాబట్టి అరిసెలు వేసి తెస్తాను. అవి శ్రీకాకుళం అరిసెలు, కారం ఉండదు.