విరాళం ఎవరి ఖాతాలో పడుతోంది?

అయ్యా,

డిసెంబరు మొదలుకొని సంక్రాంతి దాకా యూనివర్సిటీ బ్యాచ్‌ల సిల్వర్ జూబ్లీ సమ్మేళనాలు వరుసగా జరుగుతుంటాయి. శాలువాలు, గ్రూప్ ఫొటో, భోజనాలు అయ్యాక "మన డిపార్ట్‌మెంటుకు ఏదైనా చేద్దాంరా" అని ఎవరో ఒకరు అంటారు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడి ఫోన్‌పే క్యూఆర్ కోడ్ ప్రత్యక్షం. చిక్కు అక్కడే మొదలవుతుంది.

వ్యక్తి ఖాతాలో వేసిన డబ్బుకు 80జీ సెక్షన్ కింద దాతకు దక్కే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. 80జీ గుర్తింపు ఉన్న పూర్వ విద్యార్థుల సంఘానికే ఇచ్చినా నగదు రూ.2,000 దాటితే చెల్లదు. దాత తన పాన్ లేదా ఆధార్ నంబరు ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా సంఘం దాతల జాబితాను ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఎక్కించి, అందులోంచి తీసిన సర్టిఫికెట్ పంపాలి. రసీదు పుస్తకంలోంచి చింపిచ్చిన కాగితం ఒక్కటే చాలదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఎటూ ఈ మినహాయింపు లేదు.

అమెరికా మిత్రుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. భారత పాస్‌పోర్టున్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. పౌరసత్వం మారి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) తీసుకున్నారా, వారు పంపేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని సంఘం దాన్ని ముట్టుకోకూడదు. "నా అకౌంటుకు వెయ్యి, నేను సంఘానికి కడతా" అనడం మామూలైపోయింది. ఎన్ని చేతులు మారినా అది విదేశీ సొమ్మేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కు సాధారణంగా సంఘం పెట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో రూ.15 లక్షల ఖర్చు చూపాలి. సమ్మేళనం కోసం నిన్న మొన్న పెట్టిన సంఘాలకు అది అందే పని కాదు.

డిపాజిట్ వడ్డీతో ఏటా ఒక విద్యార్థికి ఇచ్చే స్మారక బంగారు పతకాల మోజు మరొకటి. లక్ష రూపాయలు 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏటా వచ్చేది 7 వేలు. ఇప్పటి ధరకు దానితో గ్రాము బంగారం కూడా రాదు. వెండి మీద పూతే గతి. అదే వడ్డీతో ఇద్దరు ముగ్గురు పిల్లల పరీక్ష ఫీజు కట్టొచ్చు.

విరాళం ఏ ఖాతాకు పంపాలి, 80జీ, ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నాయా లేవా, పతకానికి కనీసం ఎంత కట్టాలి అన్న వివరాలను యూనివర్సిటీలు డిగ్రీ పట్టాతో పాటే ఒక కాగితం మీద అచ్చువేసి ఇవ్వాలి. తర్వాత సంప్రదించడానికి ఆ రోజే విద్యార్థి సొంత మెయిల్, హాల్‌టికెట్ నంబరు రాయించుకోవాలి. కాలేజీ ఇచ్చిన మెయిల్ చదువయ్యాక చాలాచోట్ల మూతపడుతోంది.

- ఒక పూర్వ విద్యార్థుల సంఘం కోశాధికారి, గుంటూరు