కల్పాక్కం వార్తకు సవరణ వేయండి

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల క్రితం మీ చెన్నై ఎడిషన్‌లో, చెన్నై దగ్గరి కల్పాక్కం అణు విద్యుత్ రియాక్టర్ల మీద ఒక వార్త వచ్చింది. ఆ రోజే రాయాల్సింది. ఎవరో ఒకరు చెబుతారు, మీరే సవరణ వేస్తారు అని రోజూ పేపరు తిరగేశాను. వేయలేదు. విదేశీ సాయంతో కట్టిన 500 మెగావాట్ల రియాక్టర్ నలభై ఏళ్లుగా కరెంటు ఇస్తోందట. ఒక్క వాక్యంలో ఇన్ని తప్పులా?

నలభై ఏళ్ల నాటిది మద్రాసు అణు విద్యుత్ కేంద్రం. 220 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లు. 500 మెగావాట్లది ఆ పక్కనున్న ఫాస్ట్ బ్రీడర్, అంటే వాడే ఇంధనం కన్నా ఎక్కువ ఇంధనం తయారుచేసేలా కట్టే రియాక్టర్. దాని నిర్మాణం మొదలైందే 2004లో. ఇక విదేశీ సాయం అంటారా, కెనడా సాయం చేసింది రాజస్థాన్‌లోని రావత్‌భాటాకి. 1974లో పోఖ్రాన్‌లో మన అణు పరీక్ష జరిగాక అక్కడా చేతులెత్తేసింది. కల్పాక్కం డిజైన్‌కి మూలం కెనడాదే అయినా, కట్టింది మనవాళ్లు. 1971 జనవరిలో మొదలుపెడితే మొదటి యూనిట్ నుంచి కరెంటు వచ్చేసరికి 1983 జులై అయింది. చివర్లో భారజలం (ఈ రియాక్టర్లు నడవడానికి కావలసిన ప్రత్యేకమైన నీరు) చాలక కూడా ఆగాల్సి వచ్చింది. ఇందిరాగాంధీ వచ్చి జాతికి అంకితం చేశారు. రెండో యూనిట్ 1985లో మొదలైంది.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, మాది నెల్లూరు. మా అన్నయ్య ఐటీఐ చేసి 1980లో అక్కడ పనిలో చేరాడు, రిటైరయ్యేదాకా అక్కడే. నేను సైదాపేటలో టీచరుగా ఉన్నప్పుడు సైన్స్ ఎగ్జిబిషన్‌కి పిలిస్తే వచ్చి, పందొమ్మిది పెన్సిళ్లు గుండ్రంగా పేర్చి రబ్బరు బ్యాండు వేసి పిల్లల ముందు పెట్టాడు. "ఇంధనం కట్ట ఇలాగే ఉంటుంది. మూరెడు పొడవు, పదిహేను కిలోల పైనే బరువు. మన హైదరాబాద్‌లో తయారవుతుంది. రియాక్టర్ ఆపకుండానే ఒక వైపు నుంచి కొత్త కట్ట తోస్తాం, రెండో వైపు నుంచి పాతది తీస్తాం" అన్నాడు. పిల్లలు ఆ పెన్సిళ్ల కట్ట చేతులు మార్చుకుంటూ గంటసేపు వదల్లేదు. మీ విలేకరి కల్పాక్కంలో పనిచేసిన ఏ ఒక్కరిని అడిగినా ఇంత విషయం దొరికేది.

కష్టాలు కూడా రాయండి, దాచమనడం లేదు. 1980ల చివర్లో రియాక్టర్ లోపల భారజలం వచ్చే గొట్టాల భాగం విరిగింది. మనిషి వెళ్లలేని చోటు. దాంతో రెండు యూనిట్లనూ 170 మెగావాట్లకు తగ్గించి ఏళ్ల తరబడి నడపాల్సి వచ్చింది. తర్వాత 2002 నుంచి ఒకదాని తర్వాత ఒకటి ఆపి, యూనిట్‌కి 306 చొప్పున ఇంధనం ఉండే గొట్టాలన్నీ పీకేసి కొత్తవి వేశారు. పాత లోహం హైడ్రోజన్ పట్టి పెళుసుబారుతుంది, అందుకని జిర్కోనియం-నియోబియం అనే మిశ్రలోహపు గొట్టాలు వేశారు. ఆ పనితోనే 220 మెగావాట్లు మళ్లీ వచ్చాయి. సునామీ వచ్చిన ఆదివారం మొదటి యూనిట్ ఈ పని కోసమే ఆగి ఉంది. రెండోది నడుస్తోంది. సముద్రం నీళ్లు పంప్‌హౌస్‌లోకి పొంగితే దాన్ని క్షేమంగా ఆపారు. టౌన్‌షిప్‌లో ప్రాణాలు పోయాయి. ఆ రోజు అన్నయ్య ఫోన్ కలిసేదాకా మా ఇంట్లో పడ్డ టెన్షన్ చెప్పలేను. మర్నాడు కూడా వాళ్లు డ్యూటీకి వెళ్లారు. జనవరి మొదట్లోనే ఆ రెండో యూనిట్ మళ్లీ నడిచింది.

అంత కష్టపడి నిలబెట్టిన మొదటి యూనిట్ 2018 జనవరిలో ఆగింది. ఏళ్లు గడిచినా ఆగే ఉంది. మీ వార్తలో దాని మాటే లేదు, పైగా నలభై ఏళ్లుగా కరెంటు ఇస్తోందని రాశారు! ఎందుకు ఆగింది, బాగుచేయడానికి ఎంత ఖర్చు, మళ్లీ ఎప్పుడు నడుస్తుంది? కరెంటు బిల్లు కట్టేవాళ్లకి ఇవి మామూలు తెలుగులో తెలియొద్దా? ఫాస్ట్ బ్రీడర్ సంగతీ అంతే. 2010కల్లా పూర్తవుతుందన్నారు, ఖర్చు 3,500 కోట్ల లోపే అన్నారు. ప్రధాని సమక్షంలో కోర్ లోడింగ్, అంటే రియాక్టర్ మధ్యభాగాన్ని నింపే పని, మొదలయ్యేసరికి 2024 మార్చి. ఖర్చు దాదాపు రెట్టింపైంది. రియాక్టర్‌ని చల్లబరిచేది ద్రవ సోడియం, నీళ్లు తగిలితే మండుతుంది, తొందరపడకూడదని నాకూ తెలుసు. ఆలస్యానికి కారణం అది చెప్పినా జనం అర్థం చేసుకుంటారు. అధికారులు మాత్రం ప్రతిసారీ "త్వరలో" అని ఒక ప్రకటన పంపుతారు, పేపర్లు దాన్నే దించేస్తాయి. ఈ అలవాటు అణు విద్యుత్ ఒక్కదానికే పరిమితం కాదు. మెట్రో పనులైనా, మా వీధి వరదకాలువ అయినా ఇదే వరస. పూర్వం విలేకరులు వెళ్లి చూసి వచ్చి రాసేవాళ్లు. చెన్నై నుంచి కల్పాక్కం ఎంత దూరమని, బస్సెక్కితే రెండు మూడు గంటలు.

అన్నయ్య మీ వార్త కత్తిరించి, 500 కొట్టేసి పక్కన ఎర్ర పెన్నుతో 220 అని రాసి నాకు చూపించాడు. కోపగించుకోలేదు, ఏమీ అనలేదు. అది చూశాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. సవరణ ఎక్కడో మూలన కాకుండా, ఆ వార్త వేసిన పేజీలోనే వేయండి. దాంతోపాటు మొదటి యూనిట్ ఎందుకు ఆగిందో అధికారులను అడిగి, వాళ్లు చెప్పిన జవాబు కూడా అచ్చువేయండి.

— ఒక పాఠకురాలు, రిటైర్డ్ టీచర్, సైదాపేట, చెన్నై