2000 వాట్లని రాసి 1500 వాట్ల ఎలిమెంటు బిగించిన గీజర్లపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ 15 లీటర్ల గీజర్లలో రెండు రాసినంత పవర్ తీసుకోకపోవడం, ఏమీ కొలవకుండానే సర్వీసు సెంటరు ఫిర్యాదు మూసేయడం.

అయ్యా,

తిరుపతిలో అలిపిరి వెళ్ళే దారిలో మాకు చిన్న లాడ్జి ఉంది. దిగేవాళ్ళంతా కొండకు వెళ్ళే యాత్రికులే. నడకదారిన వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే లేచి స్నానాలు చేసి బయల్దేరతారు కాబట్టి ఆ వేళకు అన్ని గదుల్లోనూ ఒకేసారి వేన్నీళ్ళు కావాలి. అందుకే మీ కంపెనీ గీజర్లు ఆరు కొన్నాం. ఆరింటి మీదా 230 వోల్టులు, 2000 వాట్లు అనే ఉంది. నాలుగు బాగా పనిచేస్తున్నాయి. మిగతా రెండు గదుల్లో నీళ్ళు త్వరగా కాగవు. పసిపిల్లల తల్లులు బకెట్ పట్టుకుని పక్క గది తలుపు తట్టాల్సి వస్తోంది.

మీ సర్వీసు సెంటరు నుంచి వచ్చినాయన స్విచ్ వేసి, లైటు వెలగడం చూసి, "లో-వోల్టేజీ, గీజర్‌లో లోపం లేదు" అని కాగితం మీద రాసి వెళ్ళిపోయాడు. మీటరు బ్యాగులోంచి తీయనే లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివినవాణ్ణి. ఆ పని నేనే చేశాను.

స్విచ్ బోర్డు విప్పి, ఫేజు వైరు ఒక్కదాన్నే బయటికి లాగి, తీగ తెంపకుండానే కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్‌లో పెట్టాను. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది, మీ కుర్రాళ్ళకు ఇది కాస్త చెప్పండి. గీజర్ నడుస్తుండగా వోల్టేజీ 226, కరెంటు 6.4 ఆంపియర్లు. వెంటనే పక్క గదిలో బాగా పనిచేసే గీజర్‌నూ చూశాను. అదే 226 వోల్టులు, కరెంటు మాత్రం 8.5 ఆంపియర్లు.

వోల్టేజీని కరెంటుతో గుణిస్తే పవర్. పక్క గదిది 1921 వాట్లు తీసుకుంటోంది, ఇది 1446 వాట్లే. వోల్టేజీ తగ్గితే పవర్ తగ్గుతుందన్న మాట నేను కాదనను. వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి బాగానే తగ్గుతుంది కూడా. 230 దగ్గర 2000 వాట్లు తీసుకునే గీజర్ 200 వోల్టుల దగ్గర సుమారు 1512 వాట్లకు పడిపోతుంది. కానీ మా లైనులో ఉన్నది 226. ఆ లెక్కన సుమారు 1930 వాట్లు రావాలి, పక్క గదిలో దాదాపు అంతే వస్తోంది. ఒకే లైను, ఒకే సమయం. ఇంక లో-వోల్టేజీ మాట ఎక్కడిది?

అసలు సంగతి ఎలిమెంటు (నీళ్ళను కాచే తీగ) రెసిస్టెన్స్ దగ్గర, అంటే అది కరెంటును ఎంత అడ్డుకుంటుందన్న దగ్గర బయటపడింది. 226ను 6.4తో భాగిస్తే 35.3 ఓమ్‌లు. 2000 వాట్ల ఎలిమెంటుకు ఉండాల్సింది 230 వర్గాన్ని 2000తో భాగిస్తే వచ్చే 26.45 ఓమ్‌లు. పక్క గదిది 26.6 వచ్చింది, సరిగ్గా ఉంది. అదే 230 వర్గాన్ని 35.3తో భాగించి చూడండి, 1499 వస్తుంది. అంటే అది 1500 వాట్ల ఎలిమెంటు. ఫిర్యాదు చేసిన రెండో గీజర్ కూడా 6.4 ఆంపియర్లే తీసుకుంటోంది. రెండు ఎలిమెంట్లు పాడైపోయి, రెండూ సరిగ్గా 1500 దగ్గరే ఆగాయంటే నేను నమ్మను. ఫ్యాక్టరీలోనే వేరే సైజు ఎలిమెంటు పడిందని నా గట్టి నమ్మకం.

ఇదంతా ఫోన్లో చెబితే మీ వాళ్ళు వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుందన్నారు. పాత రకం బల్బులోని టంగ్‌స్టన్ తీగకైతే అది నిజమే, వెలిగేసరికి పది రెట్లు దాటుతుంది. గీజర్‌లో ఉండేది నికెల్, క్రోమియం కలిపిన నైక్రోమ్ తీగ, అందులో మార్పు చాలా తక్కువ. అయినా ఎంసీబీ (లైను ఆపే స్విచ్) ఆపి, ఎలిమెంటు వైర్లు విప్పి, పూర్తిగా చల్లారాక మల్టీమీటరుతో చూశాను. 35 ఓమ్‌లే. బోరు నీళ్ళ ఉప్పు పొర కట్టిందేమో అన్నారు. పొర కడితే ఎలిమెంటు వేడి బయటికి పోక త్వరగా కాలిపోతుంది గానీ 26 ఓమ్‌ల తీగ 35 ఓమ్‌లు అయిపోదు.

"తక్కువ కరెంటు లాగితే బిల్లు తగ్గుతుంది, మీకే మంచిది కదా" అని కూడా అన్నారు. ఇది చాలా తప్పు మాట. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి ఏ ఎలిమెంటుకైనా సుమారు 0.61 యూనిట్ కావాల్సిందే. 2000 వాట్లైతే 18 నిమిషాల్లో అయ్యే పని 1446 వాట్లకు 25 నిమిషాలు పడుతుంది, అంతే తేడా. ఆలస్యమైన కొద్దీ ట్యాంకు నుంచి పోయే వేడి మళ్ళీ అదనం. గదిలో నలుగురుంటే అందరి స్నానాలూ అయ్యేసరికి అరగంట లేటు.

ఇలాంటి హీటర్లలో రాసిన వాటేజీ కంటే 10 శాతం దాకా తగ్గినా ప్రమాణాల ప్రకారం ఒప్పుకుంటారు. అంటే 1800 వాట్లు. ఇక్కడున్నది 1500 వాట్లే, అంటే తగ్గింది 25 శాతం.

రెండు గీజర్లలోనూ 2000 వాట్ల ఎలిమెంట్లు ఉచితంగా మార్చండి. మార్చాక నా ఎదుటే వోల్టేజీ, కరెంటు కొలిచి ఆ అంకెలు సర్వీసు కాగితం మీద రాయాలి. "లోపం లేదు" అన్న పాత రాత రద్దు చేయాలి, లేకపోతే రేపు వారంటీకి అదే అడ్డం పెడతారు. అదే బ్యాచ్‌లో అమ్మినవి కూడా దయచేసి తనిఖీ చేయించండి. ఇంట్లో మీటరు లేనివాళ్ళు తమ లైనే అంతేమో అనుకుని సర్దుకుపోతూ ఉంటారు. వాళ్ళూ 2000 వాట్లకే డబ్బు కట్టారు.

15 రోజుల్లో మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. బిల్లులు, గీజర్ల మీది రేటింగ్ ప్లేట్ల ఫొటోలు, మీటరు రీడింగుల ఫొటోలు ఈ లేఖకు జత చేశాను.

ఇట్లు,
లాడ్జి యజమాని,
తిరుపతి