ఆ ముఖాలకు సున్నం కొట్టిందెవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో అమెరికా నల్లజాతి తారల అలనాటి అందం, స్టైల్ అంటూ నడిమి పేజీలు రెండూ నింపేశారు. ఇప్పుడెందుకు రాస్తున్నాడీయన అనుకోకండి, మీరే సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. సవరణ లేదు సరికదా, మొన్న 'పాఠకుల నుంచి విశేష స్పందన' అని మీ భుజం మీరే తట్టుకున్నారు. అయితే ఈ స్పందన కూడా వేసుకోండి.

ముందు ఫొటోల సంగతి. తెనాలిలో చాలా ఏళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి, ప్రింటు చూస్తే టచప్ ఎక్కడ పడిందో తెలుస్తుంది. గాయని డయానా రాస్‌ను గోధుమ రంగులోకి లాగారు, మోడల్ బెవర్లీ జాన్సన్‌ను ఇంకో రెండు మెట్లు పైకి ఎక్కించారు. చెంప మీద వెలుగూ దాని పక్కన నీడా కలిసిపోయి ముక్కు ఎక్కడ మొదలైందో వెతుక్కోవాల్సి వచ్చింది. మెడ, చేతులు మాత్రం అసలు రంగులోనే వదిలేశారు! చేసే పనేదో శుభ్రంగానైనా చేయొద్దా? ఆ తళుకు గౌన్లకు అంత అందం వచ్చిందే ఆ ఒంటి రంగు వల్ల, దాన్నే చెరిపేసి కింద 'నల్లని సోయగం' అని శీర్షిక పెట్టడానికి చాలా ధైర్యం కావాలి.

ఇక ఫొటోల కింద రాతలు. బెవర్లీ జాన్సన్‌ను 'ఆఫ్రికా మోడల్' అన్నారు. ఆమెది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో. 1974 ఆగస్టులో ఫ్యాషన్ పత్రిక అమెరికన్ వోగ్ ముఖచిత్రంగా వచ్చిన మొదటి నల్లజాతి మహిళ, ఆ ముక్క మాత్రం ఎక్కడా లేదు. ఏంజెలా డేవిస్ బొమ్మ వేసి 'ఆఫ్రో జుట్టుతో అదరగొట్టిన ఫ్యాషన్ రాణి' అన్నారు. ఆవిడ నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన ప్రొఫెసరండీ, ఎఫ్‌బీఐ వాంటెడ్ జాబితాలోకెక్కి, జైల్లో ఉండి, 1972లో నిర్దోషిగా బయటికొచ్చిన మనిషి. జనం తనను చివరికి ఒక జుట్టుగా గుర్తుపెట్టుకున్నారే అని ఆవిడే తర్వాత బాధపడుతూ రాసుకుంది. ఆ పక్కనే మీవాళ్లు 'మీరూ ట్రై చేయండి' అని బాక్సు కట్టారు.

'పుట్టుకతోనే వచ్చిన హొయలు' అట. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ తన గాయనీగాయకులకు మ్యాక్సీన్ పావెల్ అనే ఆవిడను పెట్టి ఎలా నడవాలి, స్టూలు మీద ఎలా కూర్చోవాలి, కారులోంచి ఎలా దిగాలి అన్నీ నేర్పించింది. డయానా రాస్ పాడిన సుప్రీమ్స్ బృందం అమ్మాయిల నిలకడ ఆ క్లాసుల్లో చెమటోడ్చి తెచ్చుకున్నది. మేకప్ కథ అయితే ఇంకా పెద్దది. నల్లవాళ్ల పత్రిక ఎబొనీ వాళ్ల యూనిస్ జాన్సన్ 1958 నుంచి ఊరూరా ఫ్యాషన్ షోలు నడిపింది. ఆ మోడళ్ల రంగుకు సరిపోయే ఫౌండేషన్ బజార్లో దొరక్క, వాళ్లే రెండు మూడు సీసాలు కలిపి తమ రంగు తయారు చేసుకునేవాళ్లు. పెద్ద కంపెనీలను చేసిపెట్టమంటే పట్టించుకోలేదు. దాంతో 1973లో జాన్సన్ దంపతులే ఫ్యాషన్ ఫెయిర్ అని సొంత కంపెనీ పెట్టుకున్నారు. అది బాగా అమ్ముడుపోయాకే పెద్దవాళ్లకు నల్లవాళ్లకూ ముఖాలున్నాయని తెలిసొచ్చింది. ఇంత కథ వదిలేసి మీరు రాసింది చెవి రింగుల సైజు గురించి.

ఫొటో వాడిగా ఇంకో మాట. ఆ రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి ఫిల్ము కంపెనీ కొడాక్ ఇచ్చే నమూనా కార్డు మీద తెల్లమ్మాయి బొమ్మ ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే అంతా సరిగ్గా వచ్చినట్టే లెక్క. నల్లటి ముఖాలు పళ్లూ కళ్లూ తప్ప ఏమీ కనపడకుండా పోయినా ఎవరికీ పట్టలేదు. చివరికి ఫిల్ములో గోధుమ, నలుపు ఛాయలు మెరుగుపడటానికి కారణం చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు చేసిన ఫిర్యాదులని చెబుతారు. మనుషులు అడిగితే కాలేదు, బీరువాలు అడిగితే అయింది! అలాంటి ఫిల్ముతో కుస్తీపట్టి తీసిన ఫొటోలను మీ ఆఫీసులో కుర్రాడు మౌస్‌తో ఒక్క నొక్కు నొక్కి తెల్లబరిచాడు.

అతణ్ణి మాత్రం ఏమనగలం, ఊరంతా అదే పిచ్చి. పెళ్లిచూపుల ఫొటోకని వచ్చి కూర్చోకముందే 'కాస్త తెల్లగా వచ్చేట్టు చూడండి' అనేవాళ్లు, పాండ్స్ పౌడరు మెడ దాకా దిగేది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, మన బుద్ధి మాత్రం పేరు కూడా మార్చుకోలేదు. మీ పెళ్లి ప్రకటనల పేజీలో 'ఎర్రగా, సన్నగా' లేని కాలమ్ చూపించండి. మన హీరోయిన్లను ఎక్కడి నుంచి తెస్తున్నారో చెప్పనక్కర్లేదు. చివరికి ప్రభుత్వ ప్రకటనల్లో నాట్లు వేసే ఆడమనిషి కూడా ఏసీ గదిలోంచి ఇప్పుడే బయటికొచ్చినట్టుంటుంది. మే నెల ఎండలో ఒక్కపూట చేలో నిలబడితే ఆ అధికారులకు రంగంటే ఏమిటో తెలుస్తుంది. అన్నట్టు మీ వ్యాసం కింద పావు పేజీ ప్రకటన దేనిదో చూసుకున్నారా? ఏడు రోజుల్లో ముఖం 'కాంతివంతం' చేసే క్రీముది. పేజీ దిద్దేవాళ్లను తీసేశారో, వాళ్లే చదవడం మానేశారో మీకే తెలియాలి.

మీ ఫొటో విభాగానికి ఒక పని చెప్పండి. ఎబొనీ ఫొటోగ్రాఫర్ మొనెటా స్లీట్‌కు 1969లో పులిట్జర్ అవార్డు తెచ్చిన ఫొటో వెతికి చూడమనండి. మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో ఒడిలో కూతురితో కూర్చున్న ఆయన భార్య కొరెట్టా కింగ్. నల్ల ముసుగు, దాని వెనక నల్లని ముఖం, అయినా చూపు ఎటుందో స్పష్టంగా తెలుస్తుంది. అది చూశాక మీ రెండు పేజీలూ మళ్లీ వేయండి, ఒరిజినల్ రంగుల్లో, ఊరి పేర్లు సరిచేసి. జాగా లేదంటారేమో, క్రీము ప్రకటన తీసేస్తే పావు పేజీ మిగులుతుంది.

ఇట్లు,
ఒక పాత చందాదారుడు,
తెనాలి